మేపుల్ చెట్టుదాకా చెప్పుల్లేకుండా

మా ఆయన వెర్లిన్ గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి ముందున్న గడ్డి గురించి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో నన్నెంత బాగా చూసుకున్నాడో నాకు సరిగ్గా గుర్తులేదు గానీ, ఆ గడ్డిని ఎంత బాగా చూసుకున్నాడో మా వీధి వీధంతా చెప్తుంది. విస్కాన్సిన్లో మాది చిన్న ఊరు. ఊళ్ళో ఓ చీజు ఫ్యాక్టరీ, రెండు చర్చిలు, నాలుగు బార్లు. వెర్లిన్ ఆ ఫ్యాక్టరీలో ముప్ఫైనాలుగేళ్ళు పాలతొట్ల దగ్గర పనిచేశాడు. వారంలో ఐదు రోజులు చీజు, శనివారం గడ్డి, ఆదివారం చర్చి. ఈ మూడిట్లో దేవుడికే కొంచెం తక్కువ పడేది.

శనివారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి గడ్డి కోసే మిషను తీసేవాడు. ఒక వారం ఈ మూల నుంచి ఆ మూలకి, ఇంకో వారం అటు నుంచి ఇటు. కోశాక చూస్తే చారల చొక్కా ఇస్త్రీ చేసి పరిచినట్టుండేది. అంత పొట్టిగా కోసేవాడు, పిల్లలు వదిలేసిన గోళీ కూడా వంటింటి కిటికీ లోంచి నాకు కనపడేది. పక్కింటి డ్వేన్ పటోకా కూడా అంతే. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు, ఒకే ఫ్యాక్టరీలో చేశారు, పంతొమ్మిదేళ్ళుగా మధ్యలో కంచె లేకుండా పక్కపక్కన ఉంటున్నారు. కంచె లేకపోయినా ఎవరి గడ్డి ఎక్కడిదాకానో ఇద్దరికీ అంగుళంతో సహా తెలుసు.

"ఏరా వెర్లిన్, నీ వైపు కాస్త లేతగా ఉందేంటి? జ్వరమొచ్చిందా?" అని డ్వేన్ అనేవాడు.

"నీ వైపు ఎండిపోయి అలా ముదురుగా కనపడుతోందిలే," అని మా ఆయన.

అదీ వాళ్ళ ప్రేమ.

ఏడాదికి ఐదుసార్లు మందు బండి వచ్చేది, గడ్డికి ఎరువూ కలుపు మందూ కొట్టడానికి. ఆ కుర్రాళ్ళు పైపు లాగి గడ్డంతా తడిపేసి, అంచునంతా పసుపుపచ్చ జెండాలు గుచ్చి పోయేవాళ్ళు. చిన్న ఇనప పుల్లకి చిన్న కాగితం. దాని మీద "మందు కొట్టాం, నడవకండి" అని రాసి, చెప్పుల బొమ్మ మీద అడ్డగీత. ఆరిపోయాక ఆ జెండాలు అందరూ పారేస్తారు. మా ఆయన పారేసేవాడు కాదు. చీజు ఫ్యాక్టరీ మనిషి, ఇనప పుల్ల పారెయ్యడానికి చేతులు రావు. గరాజ్‌లో ఒక బూట్ల పెట్టె నిండా దాచాడు. ఆ పెట్టె గుర్తుపెట్టుకోండి, తర్వాత దాంతో పనుంది.

ఇంక మా అత్తగారు. ఎల్‌ఫ్రీడా. మనిషి నా భుజం దాకా వస్తుంది, నోరు మాత్రం చర్చి గంటంత. పుట్టిందీ పెరిగిందీ ఆవుల మధ్యన. ఇప్పుడు ఊళ్ళోనే పెద్దవాళ్ళుండే బిల్డింగులో రెండు గదుల్లో ఉంటుంది. నన్ను కోడలుగా ఒప్పుకోడానికి పదకొండేళ్ళు పట్టింది. ఒప్పుకున్న రోజు కూడా, "నీ బంగాళదుంపల సలాడ్ పర్లేదే మార్లిస్, ఉప్పు కొంచెం చూసుకో," అంది. అంతకంటే తియ్యగా మాట్లాడ్డం ఆవిడకి రాదు.

ఆవిడ ఎనభైతొమ్మిదో పుట్టినరోజు జూన్ చివరి ఆదివారం మా ఇంట్లో చేశాం. అరవై మంది చుట్టాలు. ఏమైందంటే, మందు బండి వాళ్ళు వానల వల్ల వారం ఆలస్యంగా వచ్చి, సరిగ్గా శుక్రవారం కొట్టిపోయారు. చుట్టూ జెండాలు. ఆరాక పర్లేదని వాళ్ళన్నా, చిన్నపిల్లలున్నారు, నాకు మనసొప్పలేదు. అరవై మందీ కారు పెట్టే సిమెంటు మీద ఇరుక్కుని నిలబడి, కాగితం ప్లేట్లలో సాసేజీలు తిన్నారు. ఎదురుగా ఎకరంలో మూడో వంతు పచ్చగడ్డి ఖాళీగా ఉంది. పిల్లల్ని చొక్కాలు పట్టుకుని ఆపుతున్నారు.

మా అత్తగారు మడత కుర్చీలో కూచుని అంతా చూసింది. కేకు కోసే ముందు కత్తి పైకెత్తింది.

"ఒరేయ్ వెర్లిన్, ఇలా రా."

"ఏంటమ్మా?"

"ఆ గడ్డి ఎందుకురా?"

"ఎందుకేంటమ్మా, లాన్."

"ఆవు మెయ్యదు. పిల్లలు ఆడరు. ముసలిదాన్ని నేను నడవను. మరి ఎవరికి?"

డ్వేన్ పక్క నుంచి, "నాకు చూపించడానికి పిన్నీ," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చెప్పుల్లేకుండా తెల్లారగట్ల మంచుకి తడిసిన గడ్డిలో నడిచి ఆవుల్ని తోలుకొచ్చాను నేను. ఇప్పుడు ఆ బిల్డింగులో కార్పెట్ తప్ప నా కాలికి ఏదీ తగలట్లేదు. వచ్చే ఏడు నాకు తొంభై. ఆ రోజు ఈ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి ఆ మేపుల్ చెట్టుదాకా నడుస్తా. జెండాలు కనపడ్డాయో, నా కేకు చర్చి నేలమాళిగలో కోసుకుంటా. మీ ఇంటికి మళ్ళీ పుట్టినరోజుకి రాను. ఎన్నున్నాయో ఏంటో నాకింక."

అని కేకు కోసేసింది. అందరూ మళ్ళీ నవ్వారు. వెర్లిన్ నవ్వలేదు. ఆ రోజు గిన్నెలు తుడుస్తూ, తుడిచిన ప్లేటే మళ్ళీ తుడిచాడు. నేను కదిపాను.

"ముసలావిడ ఏదో అందిలే."

"అది కాదు మార్లిస్. ఆ గడ్డి మీద నేను మాత్రం ఎప్పుడు నడిచాను? మిషను వెనకాల బూట్లతో తప్ప."

మర్నాడే మందు బండి వాళ్ళకి ఫోన్ చేసి, ఇంక రావద్దన్నాడు. మానెయ్యడం తేలికే. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. జులై, ఆగస్టు రెండు నెలలూ గడ్డిని చూస్తూ నిలబడ్డాడు, సిగరెట్ మానేసినవాడు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డట్టు. గడ్డి కూడా అలాగే ఉంది. మందు లేక ముందు వెలిసింది, తర్వాత అక్కడక్కడ పసుపెక్కింది. డ్వేన్ తన గీత అంచున నిలబడి నాలుక చప్పరించేవాడు.

సెప్టెంబరు ఆఖర్లో ఫీడ్ మిల్లుకి వెళ్ళాడు. పక్షుల గింజలు, కోళ్ళ దాణా, విత్తనాలు అమ్మే చోటు. అక్కడ కౌంటర్ దగ్గరుండే బెర్నడెట్ రైతుల పిల్ల, యాభై ఏళ్ళుంటాయి, ఎవర్నీ లెక్కచెయ్యదు. తోడుగా నేనూ వెళ్ళాను.

"బెర్నడెట్, నా గడ్డికి మందు లేకుండా ఏదైనా మందుంటే ఇవ్వమ్మా," అన్నాడు మా ఆయన.

ఆవిడ డ్రాయర్ లోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి చేతిలో పెట్టింది. "ముందు ఇది మీ మట్టిలో గుచ్చి రండి వెర్లిన్ గారూ. పిడి దాకా దిగిందో లేదో చెప్పండి."

ఇంటికొచ్చి గుచ్చాడు. దిగలేదు. కాలితో తొక్కాడు. రెండంగుళాలు దిగి ఆగిపోయింది. డ్వేన్ చూసి, "ఏరా, భూమికి బోల్టు ఊడిందా?" అన్నాడు.

మళ్ళీ వెళ్ళి చెప్పాం. బెర్నడెట్ తలూపింది. "అది మట్టి కాదు, రోడ్డు. ఇన్నేళ్ళూ పైపైన తినిపించారు, కింద ఏదీ బతకలేదు. బొక్కలు పొడిచే మిషను అద్దెకి తీసుకోండి, గడ్డంతా పొడవండి. పైన అరంగుళం మందాన పాత కంపోస్టు చల్లండి. కోసే మిషను బ్లేడు అన్నిటికంటే పై మెట్టుకి ఎత్తండి, మళ్ళీ దించకండి. కోసిన గడ్డి ఎత్తకుండా అక్కడే వదిలెయ్యండి. విత్తనాలకి ఈ ఏడు ఆలస్యమైపోయింది, వసంతంలో చూద్దాం."

"అంతేనా? సంచీ ఏదీ లేదా?"

"సంచీ లేదు. ఓపిక ఉంది. అది నేను అమ్మను."

వాళ్ళన్నయ్యది పాల డెయిరీ. అక్కడ రెండేళ్ళనాటి పేడ కుప్ప ఉంటే చూపించింది. నల్లగా, పొడిపొడిగా, పేడని చెప్తే తప్ప తెలియదు. వెర్లిన్ గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. నాకు భయమేసి చెయ్యి పట్టుకున్నాను.

"మార్లిస్, వాసన చూడు. ఇది మా చీజు పండబెట్టే గది వాసన."

చూశాను. నిజమే. ముప్ఫైనాలుగేళ్ళు ఆయన చొక్కాలు ఉతికిన ముక్కు నాది, నాకు తెలియదా.

అక్కణ్ణుంచి మనిషికి ఊపొచ్చింది. కారులో దారంతా మాటలే. "పాలు చీజు ఎలా అవుతాయి? నేను చేస్తానా? తోడు వేస్తాం. కంటికి కనపడని పురుగులు చేస్తాయి పనంతా. వేడి ఎక్కువైనా చస్తాయి, ఏదన్నా మందు పడినా చస్తాయి. ఒకసారి తొట్టి కడిగిన సబ్బు సరిగ్గా పోలేదు, ఆ రోజు పాలన్నీ పారబోశాం. నేను ఇంటి దగ్గర ఇన్నేళ్ళూ చేసింది అదే కదే! తొట్టిలో సబ్బు పోస్తూ చీజు రావట్లేదేంటని చూస్తున్నా. మట్టికి తోడెయ్యాలి, అంతే."

ఆ అక్టోబరంతా మట్టికి తోడేశాడు. బొక్కలు పొడిచాక గడ్డి మీద వేళ్ళంత మట్టి ముక్కలు పడి, వంద కుక్కలు వచ్చి పోయినట్టుండేది. ఆ మాట నాది కాదు, డ్వేన్‌ది. వీధిలో అందరూ రాలిన ఆకులు కాగితం సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెడతారు, మునిసిపాలిటీ బండి కోసం. మా ఆయన బండి కంటే ముందు వెళ్ళి తెచ్చుకునేవాడు. డ్వేన్ పాపం కోసిన గడ్డి కూడా రెండు సంచులు తెచ్చి పెట్టాడు.

"ఇది వద్దురా," అన్నాడు వెర్లిన్. "నీ ఆకులు ఇవ్వు, తీసుకుంటా. నీ గడ్డి మందు తాగి ఉంది, నా కుప్పలోకి రానివ్వను."

"నా గడ్డి తాగుబోతా? నువ్వు చెప్పాలి! శుక్రవారం బార్లో చేపల వేపుడు దగ్గర నన్ను నాలుగో బీరు తాగమన్నదెవరు?"

అయినా ఆకులు మాత్రం ఇచ్చాడు.

చలికాలం గడిచింది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అత్తగారిని బిల్డింగులో దింపుతుంటే అడిగేది, "ఎలా ఉందిరా నా తివాసీ?"

"మంచు కింద నిద్రపోతోందమ్మా."

"నిద్రే కదా? చావలేదు కదా?"

ఏప్రిల్లో మంచు కరిగింది. కరిగాక చూస్తే, అబ్బో. గుమ్మం నుంచి మేపుల్ చెట్టుదాకా, సరిగ్గా ఆవిడ నడుస్తానన్న దారిలోనే, బట్టతల. మిగతా చోట్ల గడ్డి పర్లేదు. నిజం చెప్పాలంటే అంతకుముందు కంటే మెత్తగా ఉంది, స్క్రూడ్రైవర్ సగందాకా దిగుతోంది. కానీ ఆ దారి మాత్రం ఏళ్ళ తరబడి మంచు ఎత్తి అక్కడే పోసి పోసి, మంచు కరగడానికి సిమెంటు మీద చల్లిన ఉప్పంతా దిగి, ఇన్నాళ్ళూ మందు మీద నిలబడ్డది ఇప్పుడు ఖాళీ. ఇంకో పక్క డాండెలియన్లు, ఆ పసుపు పూలు, అప్పుడే తలలు ఎత్తుతున్నాయి.

ఇక్కడే మా ఆయన తప్పు చేశాడు. ఏళ్ళ తరబడి సంచులు కొన్న మనిషికి ఖాళీ చెయ్యి ఆగదు. బెర్నడెట్ ఆ వారం ఊళ్ళో లేదు. అక్కడ ఇంకెవరో, మొక్కజొన్న గ్లూటెన్ పొడి అని పసుపు పొడి, మొక్కజొన్న నుంచి తీసిందే, పూర్తిగా సహజం అని చెప్పి రెండు సంచులు ఇచ్చారు. అది చల్లితే కలుపు గింజలు మొలకెత్తవు. ఫోర్సీథియా పొదలు పసుపుగా పూసినప్పుడు చల్లాలి, మా వైపు అందరికీ తెలిసిన లెక్క అది. మా ఇంటి మూల పొద పూసింది. ఈయన చల్లాడు. బాగానే ఉంది. నాలుగు రోజులు ఆగి, ఆ బట్టతల మీద గడ్డి విత్తనాలూ, క్లోవర్ విత్తనాలూ చల్లాడు. క్లోవర్ అంటే మూడాకుల మెత్తటి మొక్క. రోజూ నీళ్ళు పట్టాడు. దండం పెట్టలేదు గానీ, అదొక్కటే తక్కువ.

వారం. రెండు వారాలు. మూడు. ఏమీ లేదు. పావురాలు మాత్రం వచ్చి పొడి తిని లావెక్కాయి.

అప్పుడు వెళ్ళి బెర్నడెట్‌కి చెప్పాడు. ఆవిడ రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి ఆయన వంక చూసింది.

"వెర్లిన్ గారూ, ఆ పొడికి ఏది కలుపో ఏది మీ విత్తనమో ఎలా తెలుస్తుందండీ? మీరు గుమ్మానికి తాళం వేసి, చుట్టాలు రాలేదేంటని లోపల కూచున్నారు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నా వంక చూసిన చూపుకి పాలు విరిగిపోవాలి.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం చెయ్యకండి. దాని పట్టు ఐదారు వారాలుంటుంది. జూన్ ఒకటి దాకా ఆ నేల ముట్టుకోకండి. అప్పుడు పైపైన గీకి, మళ్ళీ చల్లండి."

"అమ్మ పుట్టినరోజు ఇరవైయెనిమిది!"

"క్లోవర్ ఐదు రోజుల్లో మొలుస్తుంది. చూద్దాం."

"చూద్దాం" అన్న మాట మా ఆయనకి అస్సలు పడదు. మే నెలంతా ఆ కిటికీ దగ్గరే. డాండెలియన్లు మాత్రం ఒక్కొక్కటి పొడుగాటి చాకుతో వేరుతో సహా పీకుతూ కూచునేవాడు, బకెట్టు పక్కన పెట్టుకుని. రోజుకి రెండు బకెట్లు. లేత ఆకులు నేను బేకన్‌తో వేయించి పెట్టాను. చేదుగా ఉన్నాయన్నాడు. "నీ మొహంలాగే," అన్నాను.

మే ఆఖర్లో డ్వేన్ వచ్చాడు. ఒక చేతిలో చుట్టచుట్టిన పచ్చగడ్డి ముక్క, తివాసీ దుకాణంలో నమూనా ముక్కలా. ఇంకో చేతిలో డబ్బా.

"ఒరే, నీ బాధ చూడలేకపోతున్నారా. ఇదిగో, గడ్డి ఫారం వాడు చుట్టలు చుట్టలు తెచ్చి పరిచేస్తాడు. ఒక్క పూట పని."

"అది ఎలా పెంచుతారో నాకు తెలుసు. నిండా మందే. పైగా అంచులు అతుక్కోవు. అమ్మ వాకర్ చక్రం ఇరుక్కుందంటే?"

"సరే. అయితే ఇది." డబ్బా ఊపాడు. "గడ్డి రంగు. స్ప్రే చేస్తే పచ్చగా అయిపోతుంది. కరువొచ్చిన ఊళ్ళలో అందరూ వాడేదే. ఆవిడకి చూపు ఆనదు కదా?"

"నీకంటే బాగా ఆనుతుంది. పట్టుకుపో."

డ్వేన్ వెళ్ళిపోయాడు. డబ్బా మాత్రం వెళ్ళలేదు. అది నేను గమనించలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను బట్టలు మడతపెట్టి వంటింట్లోకి వస్తే, నేల మీద పచ్చటి అడుగులు. తలుపు నుంచి సింకు దాకా, సింకు నుంచి ఫ్రిజ్ దాకా, అక్కణ్ణుంచి కుర్చీ దాకా. కుర్చీలో మా ఆయన, తెల్ల మేజోళ్ళు చెట్టాకు రంగులో.

"ఏమయ్యా, ఇదేంటి?"

"గరాజ్ వెనకాల చిన్న ముక్క మీద కొట్టి చూశా. ఆరిందనుకున్నా."

"అరవైయారేళ్ళ మనిషివి! ఆవిడ చెప్పులు విప్పి నడుస్తానంది. పచ్చ కాళ్ళతో బిల్డింగుకి వెళ్తే నర్సు అంబులెన్సుని పిలుస్తుంది!"

ఆయన తన కాళ్ళు చూసుకున్నాడు. నేను చూశాను. ఎవరు ముందు మొదలుపెట్టామో తెలియదు, ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ రంగు వంటింటి నేల మీద ఇప్పటికీ ఒక చోట ఉంది. ఎవరైనా అడిగితే చూపిస్తా.

జూన్ ఒకటో తారీఖు పొద్దున్నే పళ్ళ దంతె పట్టుకుని దిగాడు. పైపైన గీకాడు. పొట్టి గడ్డి విత్తనాలూ, క్లోవరూ కలిపి ఒక గుప్పెడు అటు, ఒక గుప్పెడు ఇటు చల్లాడు. పైన పాత కంపోస్టు, చక్కెర జల్లినంత పల్చగా. పొద్దునోసారి, సాయంత్రమోసారి సన్నటి జల్లు. ఈసారి ఏ సంచీ విప్పలేదు.

ఆరో రోజు నన్ను లేపి బయటికి లాక్కుపోయాడు. మోకాళ్ళ మీద కూచుని నేలకి చెంప ఆనించాడు. "కింద నుంచి చూడు." నేనూ వంగాను, నా నడుము నన్ను తిట్టింది. చూస్తే నేలంతా సన్నటి పచ్చ నూగు. పాలల్లో మొదటి తరకలు కట్టేటప్పుడు ఎలా ఉంటుందో అలా, ఉందో లేదో తెలియనంత.

అది మొదలు. ఆ మొక్కజొన్న పొడి మొలకల్ని ఆపినా, కరిగాక మట్టికి మంచి తిండి అంట. అందుకని వచ్చిందేదో ఒత్తుగా వచ్చింది. జూన్ మూడో వారానికి ఆ బట్టతల మీద మిగతా లాన్ కంటే చిక్కటి పచ్చదనం. రాబిన్ పిట్టలు వచ్చి వానపాములు లాగుతున్నాయి. మా ఇంటి ముందు రాబిన్‌ని చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

కానీ నాలుగు వారాల పసి మొక్కలు. పీకితే ఊడొస్తాయి. అరవై మంది, అందులో పదిహేను మంది పిల్లలు, వాళ్ళ చేతుల్లో బంతులు. పార్టీ ముందు రోజు వెర్లిన్‌కి భయం పట్టుకుంది. పెద్దావిడ నడిచేదాకా ఎవరూ తొక్కకుండా ఉంటే చాలనుకున్నాడు. నేను ఇరవై పౌన్ల బంగాళదుంపలతో కుస్తీ పడుతున్నా, బయటేం జరుగుతోందో నాకు తెలియదు.

ఆదివారం పన్నెండింటికి డ్వేన్ తన కారులో మా అత్తగార్ని తీసుకొచ్చాడు. తలుపు తీసి వాకర్ అందించాడు. ఆవిడ దిగి, వాకర్ పట్టుకుని, తలెత్తి చూసింది.

గుమ్మం నుంచి మేపుల్ చెట్టుదాకా, రెండు వైపులా, పసుపుపచ్చ జెండాలు. నలభై ఉంటాయి.

మా ఆయనకి నిజంగా తట్టలేదండీ. దారం కట్టాలి, పుల్లలు కావాలి, గరాజ్‌లో బూట్ల పెట్టె నిండా పుల్లలున్నాయి. అంతే. వాటి మీద కాగితం ఉందనీ, దాని మీద రాతుందనీ ఆయన కళ్ళకి ఎప్పుడో కనపడ్డం మానేసింది.

"డ్వేన్," అంది మా అత్తగారు, చాలా మెల్లగా. "తలుపు మళ్ళీ తియ్యి. చర్చికి పోనియ్."

"పిన్నీ, అది కాదు..."

"జెండాలు చదవడం వచ్చు నాకు."

వెర్లిన్ గ్రిల్ దగ్గర నుంచి చేతిలో పట్కారతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా! అది మందు కాదు! మందు ఏడాదై కొట్టలేదు. అవి పాత పుల్లలు. కింద కొత్త మొక్కలు, నాలుగు వారాలే అయింది. ఎవరూ తొక్కకూడదని కట్టాను!"

"ఎవరూ తొక్కకూడదని," అంది ఆవిడ.

ఆ మాట విన్నాక మా ఆయన మొహం చూడాలి మీరు. ఏడాదంతా చేసిందేంటో, ఇప్పుడు అన్నదేంటో, రెండూ ఒకేసారి తగిలాయి. పట్కార కింద పెట్టాడు. దారి మొదట్లోకి వెళ్ళి, వంగి, మొదటి జెండా పీకాడు. తర్వాత రెండోది. దారం కాళ్ళకి చుట్టుకుంటోంది. ఎవరూ సాయానికి కదల్లేదు, అది ఆయన పనే అని అందరికీ తెలిసినట్టుంది. నలభై పీకి చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి మొహమంతా చెమట.

"ఇప్పుడు నడువమ్మా."

"చస్తాయేమోరా నీ మొక్కలు?"

"చస్తే మళ్ళీ చల్లుతా."

మా అత్తగారు మెట్టు మీద కూచుంది. నేను వంగి చెప్పులు విప్పాను, మేజోళ్ళు తీశాను. తొంభై ఏళ్ళ పాదాలు, నీలి నరాలు, కాగితంలా పల్చటి చర్మం. వాకర్ గడ్డి మీదకి నెట్టి, ఒక కాలు పెట్టింది. ఆగింది. రెండో కాలు పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"చల్లగా ఉంది," అంది. తర్వాత కాసేపటికి, "తడిపావా?"

"పొద్దున తడిపానమ్మా. నీకు మంచుగడ్డి అన్నావు కదా."

ఆవిడ వాకర్ ముందుకి నెట్టింది. నడిచింది. నాలుగడుగులు, ఆగి, మళ్ళీ నాలుగు. సగం దారిలో వెనక్కి తిరిగి చూసి, "నువ్వేంట్రా బూట్లతో?" అంది.

వెర్లిన్ బూట్లు విప్పాడు. నా నలభై ఏళ్ళ కాపురంలో ఆయన పాదాలు ఎండలో చూడ్డం నాకదే మొదలు. తాజా చీజు ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. తాజా చీజు పంటికింద కిర్రుమంటుంది, ఇవీ కిర్రుమంటాయేమో అన్నంత. డ్వేన్ పడీపడీ నవ్వి, తన బూట్లు కూడా విప్పాడు, అతని పాదాలూ ఏమంత గొప్పగా లేవు. ఇంక పిల్లల్ని ఎవరూ ఆపలేదు. పదిహేను మందీ ఒక్కసారి పడ్డారు గడ్డి మీద. మా ఆయన పెదవి కొరుక్కుని అటు తిరిగాడు, పళ్ళు పీకించుకునేవాడిలా.

మేపుల్ చెట్టు దగ్గర కుర్చీ వేశాం. కేకు అక్కడే కోసింది. పాదాల నిండా మట్టి, వేళ్ళ మధ్య క్లోవర్ ఆకులు. నేను తడిగుడ్డ తెచ్చాను.

"తుడవకే మార్లిస్. ఇలాగే వెళ్తా. ఆ బిల్డింగు కార్పెట్ మీద మట్టి అడుగులు వేసుకుంటూ వెళ్తా."

"నర్సు తిడుతుంది అత్తయ్యా."

"తిట్టనీ. సలాడ్‌లో ఉప్పు సరిపోయింది ఈసారి."

సోమవారం పొద్దున చూస్తే ఆ దారంతా నేలకి అతుక్కుపోయి ఉంది. ఆవిడ అడుగులు, వాకర్ చక్రాల గీతలు, వాటి మీద పిల్లల తొక్కిడి. మా ఆయన నీళ్ళు పట్టి, ఏమీ ముట్టుకోకుండా లోపలికొచ్చాడు. మంగళవారం అలాగే. బుధవారం కొంచెం. శుక్రవారానికి క్లోవర్ తలలెత్తింది. జెండాల పుల్లలన్నీ డ్వేన్‌కి ఇచ్చేశాడు, టమాటాలకి ఆసరా కట్టుకోమని. కాగితాలు చింపేసి మరీ ఇచ్చాడు.

ఆదివారం చర్చి అయ్యాక కారులో అత్తగారు అడిగింది, "నా అడుగులు ఉన్నాయా ఇంకా?"

"లేవమ్మా. గడ్డి మళ్ళీ లేచి నిలబడింది."

"అన్నీ?"

"అన్నీ."

ఆవిడ వంగి చెప్పులు వదులు చేసుకుంది. "అయితే బిల్డింగుకి కాదు," అంది. "మీ ఇంటికే పోనియ్."